ఊరి ఆటకు దొరికిన జట్టు: తెలుగు టైటాన్స్ తొలి సీజన్లు

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. 54 రోజుల తర్వాత, జూలై 26న ముంబైలో ప్రో కబడ్డీ లీగ్ మొదలైంది. బరిలో ఎనిమిది జట్లు. వాటిలో ఏడింటికి ఊరి పేరో ప్రాంతం పేరో ఉంటే, ఒక్కదానికి మాత్రం భాష పేరు ఉంది. అదే తెలుగు టైటాన్స్. రెండు రాష్ట్రాలుగా విడిపోయిన వాళ్లు, ఉద్యోగాల పంపకం మీదా నీళ్ల పంపకం మీదా రోజూ తగువులాడుకుంటున్న వాళ్లు, రాత్రి ఎనిమిదింటికి టీవీ ముందు కూర్చుని ఒకే జట్టు గెలవాలని కోరుకున్నారు. ఈ ఒక్క విషయానికైనా ఆ జట్టు తొలి సీజన్లను గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పటికి పన్నెండు సీజన్లు అయిపోయాయి. ఆ తొలి రోజులను తిరగేసి చూస్తే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. మైదానంలో ఆ జట్టు ఎలా ఆడింది? అది ఎవరి పేరు పెట్టుకుందో వాళ్ల ఊళ్లకు ఏం చేసింది? మొదటి ప్రశ్నకు జవాబు గౌరవంగానే ఉంది. రెండోదానికి జవాబు చెప్పాలంటే మా జనగామ దగ్గరి నర్మెట్ట లాంటి మండలంలో నిలబడి చూడాలి.

కబడ్డీ మా దిక్కు కొత్తగా నేర్పాల్సిన ఆట కాదు. జనగామ, బచ్చన్నపేట, నర్మెట్ట, తరిగొప్పుల చుట్టుపక్కల ఊళ్లలో పత్తి ఏరడం అయిపోయి, సంక్రాంతి దగ్గర పడుతుంటే పోటీలు మొదలవుతాయి. బడి మైదానంలో ముగ్గుపిండితోనో సున్నంతోనో గీత గీస్తే కోర్టు తయారు. ఈ ఆటకు బంతి కొననక్కరలేదు, బ్యాటు కొననక్కరలేదు. అందుకే దళితవాడలోనూ తండాలోనూ పెద్ద రైతు ఇంట్లోనూ ఆడేవాళ్లు ఉంటారు. కులాల మధ్య దూరాలు పాటించే ఊళ్లోనే, ఒకరి నడుం ఒకరు పట్టుకుని మట్టిలో దొర్లే ఆట ఇది. తెలుగు సినిమా కూడా దీన్ని ముందే గుర్తించింది. 2003లో వచ్చిన ‘ఒక్కడు’లో కథానాయకుడు కబడ్డీ ఆటగాడే. 2010లో ‘భీమిలి కబడ్డీ జట్టు’ వచ్చింది. అయితే తెర మీద కనిపించిన ఆటకు పత్రికల ఆటల పేజీలో మాత్రం ఒక మూల నాలుగు వరుసలే దక్కేవి. జాతీయ స్థాయిలో ఆడిన కుర్రాడికి ఊళ్లో దండ వేసేవాళ్లు. ఆ తర్వాత అతను పొలానికో, ఆటో తోలడానికో వెళ్లిపోయేవాడు.

1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీకి పతకాల పోటీగా చోటు దక్కింది. అప్పటి నుంచి 2014 దాకా భారత పురుషుల జట్టు ప్రతిసారీ స్వర్ణం తెచ్చింది. అయినా ఆటగాళ్ల పేర్లు ఎవరికీ తెలిసేవి కావు. వ్యాఖ్యాత చారు శర్మ 2006 దోహా ఆసియా క్రీడల్లో కబడ్డీకి వ్యాఖ్యానం చెప్పాడు. ఈ ఆట టీవీలో నడుస్తుందన్న ఆలోచన అతనికి అక్కడే వచ్చింది. తర్వాత ఆనంద్ మహీంద్రాతో కలిసి మశాల్ స్పోర్ట్స్ పెట్టాడు. స్టార్ టీవీ తోడైంది. తెలుగు జట్టును వీర స్పోర్ట్స్ సంస్థ తీసుకుంది. శ్రీనివాస్ శ్రీరామనేని, మహేశ్ కొల్లి, గౌతమ్ రెడ్డి నేదురుమల్లి దాని యజమానులు. ముగ్గురూ వ్యాపార రంగం వాళ్లే.

కొత్త లీగు ఎప్పుడూ సాహసమే. ఇవాళ ప్రపంచమంతా చూసే అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ 1946లో వేరే పేరుతో పుట్టింది. మంచు హాకీ ఆడించే పెద్ద పెద్ద హాళ్ల యజమానులు, హాకీ లేని రాత్రుళ్లు హాలు ఖాళీగా ఉండకూడదని ఆ లీగును ప్రారంభించారు. పదకొండు జట్లతో మొదలైతే, మొదటి సీజన్ అయ్యేసరికి నాలుగు మూతపడ్డాయి. 1946 నవంబర్ 1న తొలి మ్యాచ్‌కు ఆతిథ్యమిచ్చిన టొరంటో హస్కీస్ కూడా ఆ నాలుగింట్లో ఒకటి. దానితో పోలిస్తే ప్రో కబడ్డీ ఎంత గట్టిగా నిలబడిందో అర్థమవుతుంది. ఎనిమిది జట్లలో ఒక్కటీ మూతపడలేదు. తొలి సీజన్‌ను సుమారు 43.5 కోట్ల మంది చూశారని అప్పటి టీవీ లెక్కలు చెప్పాయి. ఆ ఏడాది దేశంలో ఐపీఎల్ తర్వాత ఎక్కువ మంది చూసిన క్రీడోత్సవం ఇదే.

ఇలా నిలబడటానికి కారణం డబ్బూ ప్రచారమూ మాత్రమే కాదు, నియమాల్లో తెచ్చిన మార్పు కూడా. మా ఊళ్ల ఆటలో ఒక చిక్కు ఉండేది. ఆధిక్యంలో ఉన్న జట్టు మధ్యగీత దాటి, నాలుగడుగులు వేసి, ఎవరినీ తాకకుండా వెనక్కి వచ్చేసేది. చూసేవాళ్లకు విసుగు. లీగులో కూతకు 30 సెకన్లే. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోసారి వెళ్లినవాడు పాయింటు తెచ్చి తీరాలి, లేకపోతే అతనే ఔట్. కోర్టులో ముగ్గురు, అంతకన్నా తక్కువ మంది మిగిలినప్పుడు కూతకు వచ్చిన రైడర్‌ను పడగొడితే రెండు పాయింట్లు. ఓడిపోతున్న జట్టుకు ఆశ చివరి నిమిషం దాకా ఉంటుంది. తొలి సీజన్లలో ఏడు, అంతకు తక్కువ పాయింట్ల తేడాతో ఓడినా పట్టికలో ఒక పాయింటు దక్కేది కాబట్టి ఓటమి ఖాయమైన మ్యాచ్‌లోనూ ఎవరూ చేతులు ఎత్తేసేవారు కాదు.

బాస్కెట్‌బాల్ కూడా తన తొలి ఏళ్లలో ఇదే జబ్బుతో బాధపడింది. 1950 నవంబర్‌లో ఫోర్ట్ వేన్ పిస్టన్స్, మినియాపోలిస్ లేకర్స్ మీద 19-18తో గెలిచింది. బంతిని పట్టుకుని కూర్చోవడమే ఆ మ్యాచ్‌లో ఆట. 1954లో 24 సెకన్ల గడియారం వచ్చాకే ఆ లీగు బతికి బట్టకట్టింది. కబడ్డీని ప్రో లీగు పాడుచేసిందని పాతతరం వాళ్లు కొందరు అంటారు. నేను ఒప్పుకోను. మట్టి పోయి మ్యాట్ వచ్చింది, కాళ్లకు బూట్లు వచ్చాయి, పాటల హోరులో కూత సరిగా వినపడటం లేదు, నిజమే. కానీ ఆటలోని తెగింపును ఈ నియమాలు కాపాడాయి.

ఇక తెలుగు టైటాన్స్ ఆట సంగతి. మొదటి సీజన్‌లో సొంత మైదానం విశాఖపట్నంలోని రాజీవ్ గాంధీ ఇండోర్ స్టేడియం. లీగు ఒక్కో నగరంలో నాలుగేసి రోజులు బస చేస్తూ ఊరూరూ తిరిగింది. ప్రతి జట్టూ మిగతా ఏడింటితో రెండేసి సార్లు, మొత్తం 14 మ్యాచ్‌లు ఆడింది. తొలి వేలంలో అత్యధిక ధర పట్నా పైరేట్స్ తీసుకున్న రాకేశ్ కుమార్‌ది, 12.80 లక్షలు. దాని తర్వాతి ధర మన జట్టే పెట్టింది. హరియాణా కుర్రాడు దీపక్ నివాస్ హుడాకు 12.60 లక్షలు. పేరున్న సీనియర్లను వదిలి ఇరవై ఏళ్ల కుర్రాడి మీద అంత పెట్టడం ధైర్యమే. అతను తర్వాత భారత జట్టుకు కెప్టెన్ అయ్యాడు, 2020లో అర్జున పురస్కారం అందుకున్నాడు. ఎంపికలో చూపు మంచిదే.

కానీ ఆ జట్టుకు ముఖం ఇచ్చినవాడు రాహుల్ చౌదరి. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ జిల్లావాడు. పొడగరి. ఎడమ వైపు నుంచి కూతకు వెళ్లి, డిఫెండర్ ముందుకు వచ్చేదాకా ఓపికగా కాచుకుని, ఒక్కసారిగా చెయ్యి చాపి తాకేవాడు. చుట్టుముట్టినా మధ్యగీత వైపు ఒళ్లంతా చాచి దూకేవాడు. అతను తెలుగు నేల మీద పుట్టలేదని ప్రేక్షకులు పట్టించుకోలేదు. ఆరు సీజన్లు ఇదే జట్టులో ఉన్నాడు. 2017లో లీగు చరిత్రలో 500 రైడ్ పాయింట్లు చేసిన మొదటి ఆటగాడయ్యాడు. మా పక్క బడిపిల్లలు కూతకు వెళ్లేముందు రాహుల్‌లా తొడ చరిచేవాళ్లు.

తొలి సీజన్‌లో జట్టు ఐదో స్థానంలో ఆగింది. నాలుగింటికే సెమీఫైనల్. కప్పు జైపూర్ పింక్ పాంథర్స్‌ది. ఫైనల్లో యూ ముంబా మీద 35-24.

నా లెక్కలో అసలు సీజన్ 2015ది. సొంత మైదానం హైదరాబాద్‌కు, గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి మారింది. జనగామ నుంచి విశాఖకు రైల్లో ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు. హైదరాబాద్‌కు వంద లోపే. మా ప్రాంతపు కుర్రాళ్లు మొదటిసారి టిక్కెట్టు కొని, తమకు తెలిసిన ఆటను ఏసీ హాల్లో, రంగుల దీపాల కింద చూడగలిగారు. ఇరాన్ ఆటగాడు మిరాజ్ షేక్ జట్టుకు కెప్టెన్. తెలుగు పేరున్న జట్టును పర్షియన్ మాట్లాడే మనిషి నడిపించాడు, లీగులో విదేశీయుడు కెప్టెన్ కావడం అదే మొదలు. రాహుల్, దీపక్ హుడా, కర్ణాటకకు చెందిన సుకేశ్ హెగ్డే, మిరాజ్ కలిసి లీగ్ దశలో జట్టును రెండో స్థానంలో నిలిపారు. ముందు యూ ముంబా ఒక్కటే.

సెమీఫైనల్లో ఎదురైంది బెంగళూరు బుల్స్. 39-38తో మన జట్టు ఓడింది. ఒక్క పాయింటు. నలభై నిమిషాల ఆటలో ఒక బోనస్ గీత దాటి ఉంటే, ఒక పట్టు జారకుండా ఉంటే ఫైనల్ ఆడేది. ఆ రాత్రి టీవీ ముందు నుంచి లేచిన మనిషికి ఇవాళ్టికీ ఆ స్కోరు గుర్తుంటుంది. మూడో స్థానం కోసం పట్నా పైరేట్స్‌ను 34-26తో ఓడించడం ఆ జట్టు మనోబలానికి గుర్తు. గుండె చెదిరాక అలా ఆడటం తేలిక కాదు. ఇప్పటిదాకా తెలుగు టైటాన్స్ కప్పు గెలవలేదు, ఒక్క ఫైనల్ కూడా ఆడలేదు. అందుకే ఆ 39-38 ఇంకా బరువుగా ఉంది.

2016లో లీగు ఒకే ఏడాదిలో రెండుసార్లు జరిగింది. మూడో సీజన్ జనవరి 30న విశాఖలో మొదలైంది. మన జట్టు సెమీస్‌కు రాలేదు. జూన్‌లో మొదలైన నాలుగో సీజన్‌కు మళ్లీ గచ్చిబౌలి. ఈసారి సెమీస్ దాకా వచ్చి జైపూర్ చేతిలో ఓడింది, మూడో స్థానం పోరులో పుణెరి పల్టన్ చేతిలోనూ ఓడింది. జూలై 31న ఫైనల్ హైదరాబాద్‌లోనే జరిగింది. పట్నా 37-29తో జైపూర్‌ను ఓడించి కప్పు ఎత్తింది. మొదటి నాలుగు సీజన్లలో రెండుసార్లు సెమీస్, ఒకసారి మూడో స్థానం. అవి తీసిపారేసే ఫలితాలు కావు.

ఇక రెండో ప్రశ్న, తన పేరున్నవాళ్ల ఊళ్లకు జట్టు ఏం చేసింది? పైన చెప్పిన పేర్లు మళ్లీ చూడండి. బిజ్నోర్, హరియాణా, కర్ణాటక, ఇరాన్. మ్యాచ్ గతిని తిప్పిన ఆటగాళ్లలో వరంగల్ వాడు గానీ, నల్లగొండ వాడు గానీ, శ్రీకాకుళం వాడు గానీ కనిపించడు. ఇందులో ఆ ఆటగాళ్ల తప్పు ఏమీ లేదు. వాళ్లు ఎక్కడ పుట్టినా మన పేరు కోసం ఒళ్లు హూనం చేసుకున్నారు. లోటు మరోచోట ఉంది. ఆటగాళ్లను వేలంలో కొంటారు, వేలానికి వచ్చేవాళ్లు జాతీయ పోటీల్లో, సర్వీసెస్, రైల్వే, ప్రభుత్వ రంగ సంస్థల జట్లలో ఆడి పేరు తెచ్చుకున్నవాళ్లు. ఆ దారిలోకి మన కుర్రాడు వెళ్లకపోతే వేలంలో అతని పేరే ఉండదు.

హరియాణాలో ఆ దారి ఉంది. ఊరి అఖాడా, బడి, శిక్షకుడు, ఆ తర్వాత పోలీసు శాఖలోనో సైన్యంలోనో ఉద్యోగం. కొడుకు కబడ్డీ ఆడతానంటే తండ్రి భయపడడు. మహారాష్ట్రలో ముంబై, పుణె, కొంకణ్ ప్రాంతాల్లో పాత క్లబ్బులు ఉన్నాయి, కంపెనీల జట్లు ఉన్నాయి. 2018 జనవరిలో సీనియర్ జాతీయ పోటీలు హైదరాబాద్ గచ్చిబౌలిలోనే జరిగాయి. పురుషుల్లో మహారాష్ట్ర, సర్వీసెస్‌ను ఓడించి గెలిచింది. మహిళల్లో హిమాచల్‌ప్రదేశ్, రైల్వేస్‌ను ఓడించింది. ఆతిథ్యం మనది, కప్పులు వాళ్లవి. జనాభాలో మనకన్నా ఎంతో చిన్నదైన హిమాచల్ ఆ పని చేయగలిగినప్పుడు, లోపం మన పిల్లల ఒంట్లో లేదని చెప్పడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

ఆటగాడు ఎక్కడ ఆగిపోతాడో చెబుతాను. మట్టి మీద ఉత్త కాళ్లతో ఆడి పెరిగిన కుర్రాడు జిల్లా ఎంపికల్లో మ్యాట్ మీద అడుగు పెడతాడు. మట్టిలో కాలి వేళ్లు పట్టు దొరికించుకుంటాయి. మ్యాట్ మీద బూటు అడుగు పట్టేసుకుంటుంది, అలవాటు లేని మోకాలు మెలిపడుతుంది. మట్టిలో జారుతూ వేసే చీలమండ పట్టు మ్యాట్ మీద అదే కోణంలో దొరకదు. బరువు విభాగాలు, వీడియో చూసి ఎదుటి రైడర్ అలవాట్లు పసిగట్టడం, తిండి లెక్క, ఇవన్నీ అతనికి కొత్త. మ్యాట్ మీద ఆరు నెలలు ఆడినవాడి ముందు పదేళ్లు మట్టిలో ఆడినవాడు ఒక్క ఉదయంలో తేలిపోతాడు. ఎంపిక చేసేవాళ్లకు అతనిలోని సత్తాను చూసే సమయం ఉండదు. అదే మ్యాట్ మండలానికొకటి ఉంటే ఈ తేడా ఒక్క ఎండాకాలం సెలవుల్లో పోతుంది.

ఎన్‌బీఏ తొలి రోజుల నుంచి మనం తీసుకోవాల్సింది గడియారం ఒక్కటే కాదు. 1949లో వాళ్లు మరో నియమం తెచ్చారు. జట్టు ఉన్న నగరానికి 50 మైళ్ల లోపు కాలేజీలో పేరు తెచ్చుకున్న ఆటగాడిని, ఎంపికల్లో తన మొదటి వంతు వదులుకుని, ఆ జట్టు ముందే తీసుకోవచ్చు. దాన్ని టెరిటోరియల్ పిక్ అన్నారు. కారణం సూటిగానే ఉంది. తమ కళ్ల ముందు పెరిగిన పిల్లవాడు ఆడుతుంటే జనం హాలుకు వస్తారు. 1959లో ఫిలడెల్ఫియా వారియర్స్, విల్ట్ చాంబర్లేన్‌ను ఇలాగే తీసుకుంది. అతను కాలేజీ చదివింది దూరాన కాన్సాస్‌లో అయినా, హైస్కూలు ఫిలడెల్ఫియాది కాబట్టి తమవాడేనని వాదించి సాధించుకుంది. 1962 మార్చి 2న అతను ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు చేశాడు. లీగు కాళ్ల మీద నిలబడ్డాక 1960ల మధ్యలో ఆ నియమాన్ని తీసేశారు. పసితనంలో మాత్రం జట్టుకూ ఊరికీ ముడి వేయడం అవసరమని వాళ్లు గుర్తించారు. ప్రో కబడ్డీలో అలాంటి ముడి లేదు. తర్వాతి ఏళ్లలో కొత్త కుర్రాళ్లను వెతికే కార్యక్రమాలు వచ్చాయి, అవి మంచివే. ఫలానా జట్టు ఫలానా ప్రాంతపు పిల్లలను తీసుకోవాలన్న నిబంధన మాత్రం రాలేదు.

అమ్మాయిల విషయంలో ఈ వెలితి ఇంకా పెద్దది. నాలుగో సీజన్‌తో పాటు 2016లో మహిళల కబడ్డీ ఛాలెంజ్ పెట్టారు. మూడే జట్లు. జూలై 31న ఫైనల్లో స్టార్మ్ క్వీన్స్, ఫైర్ బర్డ్స్‌ను 24-23తో ఓడించింది. ఉత్కంఠలో పురుషుల ఫైనల్‌కు ఏమాత్రం తీసిపోని మ్యాచ్ అది. ఫైర్ బర్డ్స్ కెప్టెన్ మమతా పూజారి కర్ణాటకలో పుట్టినా సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలో ఉద్యోగి. రెండు ఆసియా క్రీడల స్వర్ణాలు, అర్జున పురస్కారం ఉన్న క్రీడాకారిణి. తర్వాతి ఏడాది ఆ పోటీ కొనసాగలేదు. మా మండలాల్లో కస్తూర్బా బడుల్లో, గురుకులాల్లో కబడ్డీ ఆడే అమ్మాయిలు ఉన్నారు. వాళ్లు టీవీలో చూసి నేర్చుకోవడానికి ప్రో కబడ్డీలో తెలుగు పేరున్న మహిళల జట్టు ఈనాటికీ లేదు.

పునాది లేని కట్టడం ఏమవుతుందో తర్వాతి సీజన్లు చూపించాయి. 2018లో రాహుల్ చౌదరిని 1.29 కోట్లకు నిలుపుకున్నారు. 2019లో అతను తమిళ్ తలైవాస్‌కు వెళ్లాడు, ఆ చోటికి 1.45 కోట్లకు సిద్ధార్థ్ దేశాయ్ వచ్చాడు. 2023లో పవన్ సెహ్రావత్‌కు 2.605 కోట్లు పెట్టారు, అప్పటికి లీగులో అదే అత్యధిక ధర. ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లు కలిపి 66 మ్యాచ్‌లు ఆడితే గెలిచినవి ఐదు. ఎంత గొప్ప రైడర్ అయినా ఒక్కడే మోయలేడు. డిఫెన్స్‌లో, అంటే కార్నర్లలో, కవర్లలో కలిసి పెరిగిన జోడీ కావాలి. అది వేలంలో ఒక మధ్యాహ్నం కొనేది కాదు. పదకొండో సీజన్‌లో 12 విజయాలతో జట్టు కోలుకుంది. 2025లో విజయ్ మలిక్ నాయకత్వంలో ప్లేఆఫ్స్‌కు చేరి, ఫైనల్‌కు ఒక్క మెట్టు ముందు పుణెరి పల్టన్ చేతిలో ఆగింది. ఆ సీజన్ ఆగస్టు 29న విశాఖలోనే మొదలైంది. జనం ఈ జట్టును ఎన్నడూ వదల్లేదు, ఒక్క గెలుపుతో ముగిసిన ఏడాదిలో కూడా.

తొలి సీజన్ల మీద నా తీర్పు ఇది. తెలుగు టైటాన్స్ కబడ్డీకి మన ఇళ్లలో గౌరవం తెచ్చింది. ఆటగాడికి వేలం, జీతం, పేరు ఉంటాయని తల్లిదండ్రులకు తెలిసింది. 2015 జట్టు కప్పుకు తగిన జట్టే. కానీ అభిమానం పొంగిన ఆ రెండు మూడేళ్లలో ఊళ్ల వైపు దారి వేసి ఉంటే, ఆనాడు పదేళ్ల వయసున్న పిల్లలు ఇవాళ ఇరవై దాటి రైడర్లుగా, డిఫెండర్లుగా వేలంలో నిలబడేవాళ్లు. ఆ అవకాశం చేజారింది.

ఇప్పుడైనా చేయదగ్గ పనులు ఉన్నాయి. జట్టు యజమానులు ప్రతి సీజన్‌కూ రెండు రాష్ట్రాల నుంచి కనీసం ఇద్దరు కుర్రాళ్లను తీసుకుని, బెంచీకి పరిమితం చేయకుండా మ్యాట్ మీదికి పంపాలి. ఉమ్మడి జిల్లాకొకటి చొప్పున శిక్షణ శిబిరం పెట్టాలి. రెండు రాష్ట్రాల క్రీడా శాఖలు మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాలకు ఒక మ్యాట్, ఒక శిక్షకుడు ఇవ్వాలి. నర్మెట్టతో మొదలుపెట్టినా సరే, ఇక్కడ ఆడే పిల్లలకు కొదవ లేదు.